గోడ మీది స్విచ్ గోడ మీదే ఉండాలి
ఇంట్లో ఏ పనిని యంత్రానికి అప్పగించినా సరే, నెట్ పోయినప్పుడు అది చేత్తో నడవాలి. అలా నడవని సరుకు ఎంత చవగ్గా వచ్చినా కొనకూడదంటాను. అపార్ట్‌మెంట్ ట్యాంకుల్లో బిగించే వాటర్ లెవెల్ కంట్రోలర్‌నే చూడండి. నీళ్లు పైదాకా రాగానే మోటార్ ఆపేస్తుంది, కింద సంపులో నీళ్లు అడుగంటినా ఆపేసి మోటార్ కాలిపోకుండా కాపాడుతుంది. మామూలు రకానికైతే వైఫై అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. ట్యాంకు పొంగి మేడ మీంచి నీళ్లు ధారకట్టే బాధ తప్పిందంటే దాని పుణ్యమే. స్మార్ట్ బల్బు సంగతి అలా కాదు. దానికి గోడ స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి. పడుకోబోయే ముందు అలవాటు కొద్దీ బామ్మ ఆ స్విచ్ కట్టేసిందా, ఇక మనవడు ఫోన్‌లో ఎన్నిసార్లు నొక్కినా లైటు వెలగదు. ఇంటిల్లిపాదీ విసుక్కునేది మాత్రం బామ్మనే! లైటు కట్టేసి కరెంటు పొదుపు చేయడం ఈ ఇంటికి నేర్పిన మనిషిని తప్పుపట్టడం అన్యాయం. పైగా ఈ పరికరాల్లో చాలావాటి ప్రాణం ఎక్కడో కంపెనీ సర్వర్లలో ఉంటుంది. అమెరికాలో దాదాపు 300 డాలర్లు పోసి జనం కొనుక్కున్న, ఇంట్లోని స్మార్ట్ పరికరాలను కలిపి నడిపే రివాల్వ్ హబ్, రివాల్వ్ సంస్థను 2014లో కొన్న నెస్ట్ కంపెనీ 2016లో సర్వర్లు ఆపేయగానే పనికిరాకుండా పోయింది. పరికరం చెడిపోలేదు, కొన్నవాళ్ల తప్పూ లేదు. దీనికి కొంత విరుగుడుగా, 2022లో వచ్చిన మ్యాటర్ ప్రమాణం వల్ల వేర్వేరు కంపెనీల పరికరాలు ఇంటి నెట్‌వర్క్‌లోనే కలిసి పనిచేయగలుగుతున్నాయి. కొనేముందు పరికరం మీద మ్యాటర్ గుర్తు ఉందేమో చూడండి. షాపువాణ్ని ఇంటర్నెట్ ఆపి, ఆ తర్వాత లైటు వేసి చూపించమనండి.