ఏజెన్సీ ఆడపిల్లకు ఫుట్‌బాల్ కూడు పెట్టేనా?

భద్రాచలం: పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణి మైదానంలో 2025 ఏప్రిల్‌లో ఈస్ట్ బెంగాల్ మహిళా జట్టు ఒడిశా జట్టును ఒకే ఒక గోలుతో ఓడించి, భారత మహిళా లీగ్ విజేతగా నిలిచిన సంగతి విదితమే. విదితమే అని రాయడం విలేఖరులకు అలవాటు గాని, ఈ కబురు మన పల్లెల్లో ఎందరికి చేరిందో అనుమానమే. అవే రోజుల్లో క్రికెట్ స్కోరు మాత్రం ప్రతి టీకొట్టు దగ్గరా వినిపించింది. ఆ ఒక్క గోలు కొట్టిన అమ్మాయి గుగులోతు సౌమ్య. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా బిడ్డ. ఆ ఇంటిపేరు వినగానే కారేపల్లి, ఇల్లెందు, టేకులపల్లి తండాల వారికి ఇది ఎవరో దూరపువాళ్ల కథ కాదని తెలిసిపోతుంది. వ్యవసాయ కుటుంబంలో పుట్టిన ఈ అమ్మాయి 2022లో క్రొయేషియా దేశంలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది. 2024-25 సంవత్సరానికి దేశంలో ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఆమెనే ఎంపిక చేసింది.

సౌమ్య ముందు వరుసలో ఆడే అమ్మాయి. గోలు కొట్టిన వారి పేరు పత్రికల్లో పడుతుంది. కాని మన గూడేల నుంచి, తండాల నుంచి ఈ ఆటలోకి వెళ్లదలచిన పిల్లలు వెనుక నిలబడే డిఫెండర్ల సంగతి కూడా తెలుసుకోవలసి ఉంది. మిరప చేను చుట్టూ రాత్రంతా మంచె మీద కూర్చుని అడవి పందులను తోలేవాని పని వంటిది డిఫెండరు పని. పంట దక్కితే మెచ్చుకునేవారు ఉండరు, ఒక్క రాత్రి కన్ను మూతపడితే మాత్రం ఊరంతా వానినే అంటుంది.

ఇందుకు జార్ఖండ్ అమ్మాయి అస్తం ఒరాన్ ఉదంతమే నిదర్శనం. గుమ్లా జిల్లా అడవి పల్లెకు చెందిన ఈ ఆదివాసీ బాలిక డిఫెండరు. 2022 అక్టోబరులో మన దేశంలోనే జరిగిన 17 ఏళ్లలోపు బాలికల ప్రపంచ కప్పులో భారత జట్టుకు ఆమే నాయకురాలు. అమెరికా చేతిలో 8-0, మొరాకో చేతిలో 3-0, బ్రెజిల్ చేతిలో 5-0 తేడాతో ఓడి మన జట్టు ఇంటికి తిరిగింది. మూడు ఆటల్లో 16 గోలులు పడినప్పుడు వెనుక వరుసలో నిలబడిన పిల్లల మనసు ఎట్లా ఉంటుందో ఊహించవచ్చు. ఆమె పేరు మోగడంతో అధికారులు వాళ్ల ఇంటికి రోడ్డు వేయించడం మొదలుపెట్టారు. ఆ రోడ్డు పనిలో ఆమె తల్లిదండ్రులే కూలీలుగా మట్టి మోశారని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. బిడ్డ దేశానికి నాయకురాలైనా ఇంట్లో కూలి బతుకు మారలేదన్నమాట.

అయితే కథ అంతటితో ముగియలేదనడానికి మణిపూర్‌కు చెందిన ఆశాలతా దేవి ఉన్నారు. ఇంఫాల్ అమ్మాయి, డిఫెండరు, చాలాకాలం భారత జట్టు సారథి. 2011లో భారత జట్టులో చేరి, 2015లో మాల్దీవుల క్లబ్బుకు ఆడి, తర్వాత గోకులం కేరళ జట్టుకు నాయకత్వం వహించి లీగ్ గెలిపించారు. 2024 అక్టోబరులో నేపాల్‌లో పాకిస్థాన్‌పై ఆడిన ఆటతో దేశం తరఫున 100 ఆటలు పూర్తి చేశారు. మన దేశపు ఆడవారిలో ఆ లెక్క అందుకున్న మొదటి వ్యక్తి ఆమే. పదమూడేళ్లపాటు జట్టులో చోటు నిలబెట్టుకోవడం మాటలు కాదు. ముందు వరుస వారికి కాలి వేగం తగ్గితే పని అయిపోతుంది. వెనుక ఆడేవారికి ఎదుటివారి అడుగును ముందే పసిగట్టే అనుభవం వయసుతో పెరుగుతుంది. కనుక నిలిచి ఆడగల పిల్లకు డిఫెండరు స్థానమే ఎక్కువ కాలం అన్నం పెట్టగలదని ఈ విలేఖరి అభిప్రాయం. మోకాలు చెడకుండా ఉంటే సుమా! మోకాలి లోపలి నరం తెగడం ఆడపిల్లల్లో మగవారి కంటే ఎక్కువని వైద్యులు చెబుతున్నారు. ఆపరేషను చేయించుకుంటే మళ్లీ మైదానంలో దిగేసరికి తొమ్మిది నెలలో, ఏడాదో పడుతుంది.

ఇక అసలు ప్రశ్న డబ్బు. విదేశాల్లో నయోమి గిర్మా అనే అమెరికా డిఫెండరును 2025 జనవరిలో ఇంగ్లాండులోని చెల్సీ క్లబ్బు 11 లక్షల డాలర్లకు, అంటే మన లెక్కలో తొమ్మిది కోట్ల రూపాయలకు పైగా ఇచ్చి తీసుకుంది. ఆడవారి ఫుట్‌బాల్‌లో పది లక్షల డాలర్లు దాటిన మొదటి బేరం అదే, అదీ డిఫెండరు కోసం. ఆమె తల్లిదండ్రులు ఇథియోపియా నుంచి వలస వెళ్లినవారు. మన దగ్గర లెక్క వేరు. పై లీగులో ఆడే క్రీడాకారిణులకు ఏడాదికి కనీసం 3 లక్షల 20 వేల రూపాయలు ఇవ్వాలని ఫెడరేషన్ 2023లో నిర్ణయించింది. నెలకు 26 వేల పైచిలుకు. బొగ్గు గనిలో పర్మినెంటు ఉద్యోగం చూసిన కొత్తగూడెం, ఇల్లెందు వారికి ఇది పెద్దగా కనిపించకపోవచ్చు. చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో మిరపకాయలు ఏరే కూలి ఇంటికి మాత్రం చిన్న సొమ్ము కాదు. చిక్కేమంటే 2024-25 లీగులో ఆడినవి ఎనిమిది క్లబ్బులే. కలకత్తా వైపువి రెండు, ఒడిశావి రెండు, కేరళ, తమిళనాడు, కర్ణాటక, ఢిల్లీలకు ఒక్కొక్కటి. తెలుగు రాష్ట్రాలది ఒక్కటీ లేదు. కనుక సౌమ్య వంటి పిల్ల అయినా ఇల్లు విడిచి కలకత్తా వెళ్లవలసిందే. రహీం శిక్షణలో హైదరాబాదు కుర్రాళ్లతో నిండిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన గడ్డకు ఈ పరిస్థితి రావడం శోచనీయం.

లీగ్ జీతం ఒక్కటే దారి కాదు. ఐరోపాలో ప్రొఫెషనల్ ఒప్పందం పొందిన తొలి భారత మహిళ బాలాదేవి 2020లో స్కాట్లండ్ వెళ్లారు. అంతకు ముందే ఆమెకు మణిపూర్ పోలీసులో ఉద్యోగం ఉంది. ఆట ఆగినా జీతం ఆగదన్న భరోసా ఉంటే తల్లిదండ్రులు పిల్లను పంపుతారు. పోలీసు, రైల్వే క్రీడా కోటాలు అందుకే ముఖ్యం.

మన అడవి అంచున అడ్డం వస్తున్నదేమిటి? ప్రతిభ లేక కాదు. చర్ల మండలానికి చెందిన సాధనపల్లి ఆనంద్, నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ, ఇద్దరూ సర్కారు గురుకుల పిల్లలే, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు అది రుజువైంది. అడ్డం వచ్చేవి చిన్న చిన్న సంగతులు. వేసవి శిక్షణ శిబిరాలు మే నెలలో పెడతారు. అదే తునికాకు కాలం. తెల్లవారుజామున లేచి ఇంటిల్లిపాదీ అడవిలో పడి ఆకు కోసి, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి కల్లంలో అప్పగిస్తేనే వానాకాలం విత్తనానికి చేతిలో రొక్కం ఉంటుంది. ఆకు కోతలో చెయ్యి ఆడించగల పదమూడేళ్ల పిల్లను బంతి తన్నడానికి పట్నం పంపమంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? శిబిరాన్ని దసరా సెలవులకు మార్చితే పోయేదేముంది? ఐ.టి.డి.ఏ. వారు ఆశ్రమ పాఠశాలల్లోనే ఆ పని చేయించవచ్చు. పిల్లలు అక్కడే ఉంటారు, అన్నమూ అక్కడే. కావలసింది శిక్షకుడు, బూట్లు, చదును చేసిన నేల.

ఎంపికల తీరు కూడా చెప్పుకోవాలి. ఒక్క రోజులో వందమందిని నిలబెట్టి ఎవరు గట్టిగా తన్నితే వారిని తీసుకునే పద్ధతిలో డిఫెండరు బయటపడదు. ఆమె గొప్పతనం ఎక్కడ నిలబడాలో తెలియడంలో ఉంది. అది నాలుగైదు ఆటలు చూస్తే గాని అంతుచిక్కదు.

మరొక్క మాట, తల్లిదండ్రులకు. ఫెడరేషన్ నమోదుకు పుట్టిన తేదీ పత్రం అడుగుతారు. కుర్ర వయసు జట్లలో చేతి ఎముకల ఫొటో తీసి వయసు తేల్చే పరీక్ష కూడా ఉంది. గూడేల్లో చాలామంది పిల్లలకు ఆధార్‌లో జనవరి 1 అని ఏదో ఒక సంవత్సరం వేసి ఉంటుంది. బడి రికార్డులో ఇంకొకటి. ఈ రెంటికీ పొంతన కుదరకపోతే బాగా ఆడే పిల్ల కూడా గేటు దగ్గరే ఆగిపోతుంది. ఆడపిల్ల ఆరో తరగతిలో చేరేలోపే పంచాయతీ కార్యదర్శి దగ్గరకు వెళ్లి జనన ధ్రువపత్రం రాయించుకుని, బడిలోనూ ఆధార్‌లోనూ అదే తేదీ ఉండేటట్లు చూసుకోవలసి ఉంది.