అట్టుకెళ్లిన రగతం ఏటయింది?

"ఆ పాలి అట్టుకెళ్లిన రగతం ఏటయింది బావూ?"

ఉద్దానంలోని కవిటి మండలంలో ఓ కొబ్బరితోట పక్కన అరుగు మీద కూర్చుని జీడిపిక్కలు ఒలుస్తూ అడిగిందో ముసలమ్మ. ఆ పాలి అంటే మూడేళ్ల కిందట. నీళ్ల సీసాల పెట్టె పట్టుకుని నేను గుటకలు మింగాను. ఆ రక్తం ఏమైందో నాకు తెలుసు. నా విద్యార్థి థీసిస్‌లో ఓ పట్టికలో ఒక వరస అయింది. వాడికి డాక్టరేట్ వచ్చింది, నాకు ప్రమోషన్‌కు కావలసిన పాయింట్లు వచ్చాయి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఆమె రక్తంలో ఎంత ఉందో మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజు కూడా ఏదో సర్దిచెప్పి, బోరు నీళ్లు నింపుకుని వచ్చేశాం.

ఉద్దానంలో కిడ్నీలు పాడవడం మొదలై రెండు దశాబ్దాలు దాటింది. నీళ్లలో సిలికా అన్నాం, పురుగుమందులన్నాం, నొప్పి మాత్రలన్నాం, మండుటెండలో చాకిరీ అన్నాం. కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్చలేకపోయాం. తేలకపోవడం తప్పు కాదు. తేలలేదన్న మాట ఆ ఊరికి వెళ్లి చెప్పకపోవడం తప్పు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వాళ్ల కొబ్బరిచెట్లను కూల్చేస్తే, 'తుపానుకు ముందు, తర్వాత' అంటూ కొత్త ప్రాజెక్టు రాసుకున్న వాళ్లం మేము.

నియమాలు లేవా అంటే, ఉన్నాయి. పరిశోధన ఫలం అందులో పాల్గొన్న జనానికీ చేరాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మేమూ దరఖాస్తులో 'ఫలితాలు గ్రామస్థులకు తెలియజేస్తాం' అని రాశాం. ఎథిక్స్ కమిటీ ఆ వాక్యం చూసి టిక్కు పెట్టింది. తెలియజేశారా అని తర్వాత ఎన్నడూ అడగలేదు. వేరే దరఖాస్తులకు టిక్కులు పెట్టిన అలాంటి కమిటీలో నేనూ కూర్చున్నాను. నేనూ అడగలేదు.

2019 డిసెంబరులో యూజీసీ పీహెచ్‌డీ విద్యార్థులకు పరిశోధన నీతి మీద రెండు క్రెడిట్ల కోర్సు తప్పనిసరి చేసింది. అందులో ఆరు యూనిట్లు. కాపీ కొట్టడం, దొంగ జర్నళ్లు, సైటేషన్ల లెక్కలు అన్నీ ఉన్నాయి. రక్తమిచ్చిన మనిషికి మనం ఏం బాకీ పడ్డామో చెప్పే యూనిట్ ఒక్కటీ లేదు. ఒకరి వాక్యం ఎత్తుకొస్తే దొంగతనమని నేర్పాం. ఒకరి ఒంట్లోంచి తీసుకుని జవాబు చెప్పకుండా తిరగడానికి మేం పేరే పెట్టలేదు.

తరగతి గదిలో ఏం చేశాం? పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చెయ్యమని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. మేం దాన్ని గట్టెక్కితే చాలనుకునే పేపరుగా మార్చాం. పరీక్షకు రెండు రోజుల ముందు జిరాక్స్ షాపులో దొరికే గైడుగా మార్చాం. ఒకసారి సోంపేట కుర్రాడి జవాబుపత్రం దిద్దాను. వాళ్ల నాన్న వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్తాడని నాకు తెలుసు. 'నీటి కాలుష్యం - కారణాలు, నివారణ' అన్న ప్రశ్నకు గంగానది గురించి రాశాడు. వాళ్లింటి బోరు ఊసే లేదు. అచ్చం నేను చెప్పినట్టే రాశాడు కాబట్టి నిండా మార్కులు వేశాను.

హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి మంచినీళ్లిచ్చే 700 కోట్ల పథకం 2023 డిసెంబరులో మొదలైంది. అదే నెలలో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అందులో మా పేపర్ల పుణ్యం కూడా ఉందని సెమినార్లలో చెప్పుకుంటాం. ఉంటే ఉండవచ్చు. కానీ ఏళ్ల తరబడి ప్రాణాలు పోగొట్టుకుంటూ నీళ్లు అడిగింది ఆ ఊళ్లవాళ్లు, మేము కాదు.

వైవాకు ముందు ఒక్క షరతు పెడదాం. ఏ ఊరి నమూనాతో పరిశోధన చేశారో ఆ ఊళ్లో, అక్కడి తెలుగులో, ఫలితం చెప్పి రావాలి. ఏమీ తేలకపోతే ఏమీ తేలలేదని చెప్పి రావాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, గైడుగా సంతకం పెట్టే మేం గట్టిగా నిలబడితే చాలు. సీసాలు సర్దుకుని మళ్లీ ఉద్దానం బయలుదేరే తోటి గైడులారా, ముందు మీ బీరువాలు తెరిచి చూడండి.

నా బీరువా తెరిచాను. ఏ నంబరు ఎవరిదో రాసుకున్న పుస్తకం లేదు. డిపార్టుమెంటు కొత్త భవనంలోకి మారినప్పుడు చిత్తుకాగితాలతో పాటు పోయిందన్నారు.