ఇసుక మనది, సంతకం మనది, బిల్డింగు ఎవరిది?

పోస్టు కొంచెం పెద్దది. కానీ "రేపు గ్రామసభ ఉంది, వచ్చి సంతకం పెట్టిపో" అని ఊరి నుంచి ఫోన్ వచ్చే ప్రతి ఒక్కరూ చివరిదాకా చదవాలి.

అమీర్‌పేటలో కోచింగ్‌కు వచ్చిన మనోళ్లు చాలామందిమి శ్రీనగర్ కాలనీ, ఎల్లారెడ్డిగూడ చుట్టుపక్కల గదుల్లో ఉంటున్నాం. సత్యసాయి నిగమాగమం దాటి ఏ గల్లీలోకి పోయినా ఒక పాత ఇల్లు కూలుతూనో, దాని జాగాలో అపార్ట్‌మెంట్ లేస్తూనో కనిపిస్తుంది. ముందర రోడ్డు మీద ఇసుక కుప్ప, కంకర కుప్ప, సిమెంటు బస్తాలు, ఇనుప చువ్వలు. రోజూ వాటి పక్క నుంచే బస్టాపుకు పోతాం. ఆ కుప్పలు ఎక్కడివి, వాటి మీద మనకు ఏం హక్కు ఉంది అని మాట్లాడుకునే టైం వచ్చింది.

ముందు లెక్క చూద్దాం. సివిల్ చదివే తమ్ముళ్లకు ఇది తెలిసిందే. ఎం-20 కాంక్రీటు అంటే ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి 5 అంగుళాల స్లాబ్ పోస్తే దాదాపు 12 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు పడుతుంది. దాంట్లో సిమెంటు 95 బస్తాల దాకా, ఇసుక సుమారు 5 క్యూబిక్ మీటర్లు, అంటే 8 టన్నులు. ఇది ఒక్క ఫ్లాటుకు ఒక్క స్లాబ్ మాత్రమే. అలాంటివి పది ఫ్లాట్లున్న బిల్డింగుకు స్లాబులకే 80 టన్నుల ఇసుక. పునాది, పిల్లర్లు, గోడలు, ప్లాస్టరింగ్ ఇంకా లెక్కలోకి రాలేదు.

ఆ ఇసుక ఎక్కడిది? ప్రతి రేణువూ మనదే అని మేం అనడం లేదు. మానేరు ఇసుక వస్తుంది, రాయి పిండి చేసిన రోబో సాండ్ కూడా వస్తుంది. కానీ హైదరాబాద్‌కు వచ్చే గోదావరి ఇసుక లారీలు బయలుదేరే ఊర్ల పేర్లు చదవండి: వాజేడు, వెంకటాపురం, ఏటూరునాగారం, మంగపేట, చర్ల, దుమ్ముగూడెం, మణుగూరు. కోయగూడేలున్న మండలాలు ఇవి.

సిమెంటు సంగతి చూడండి. సున్నపురాయిని బొగ్గుతో 1,450 డిగ్రీల దాకా కాల్చితే క్లింకర్ వస్తుంది, దాన్ని నూరితే సిమెంటు. ఒక టన్ను క్లింకర్‌కు టన్నున్నర సున్నపురాయి కావాలి. పాత ఆదిలాబాద్ జిల్లాలో, ఆదివాసీ గూడేలున్న కాసిపేట మండలం దేవాపూర్‌లో 1982 నుంచి సిమెంటు ఫ్యాక్టరీ నడుస్తోంది. కిటికీల అల్యూమినియం చూడండి. ఒక టన్ను అల్యూమినియానికి సుమారు నాలుగు టన్నుల బాక్సైట్ తవ్వాలి. ఆ బాక్సైట్ కోసమే కదా అరకు, చింతపల్లి కొండల మీద ఇన్నేళ్లు కన్నేసింది! 2015 నవంబర్‌లో జీవో 97 ఇచ్చారు. మన్యం అంతా లేచి నిలబడింది. 2019లో రద్దు చేశారు. ఇక ఇటుకలు. ఇక్కడి బట్టీల్లో ఇటుకలు కోసేవాళ్లలో ఒడిశాలోని బలంగీర్, నువాపడ జిల్లాల ఆదివాసీ, దళిత కుటుంబాలు ఎందరో. ముందే అడ్వాన్స్ తీసుకుని, పిల్లలతో సహా ఆరు నెలలు బట్టీ దగ్గరే ఉంటారు.

ఇసుక, సున్నం, బాక్సైట్, రెక్కల కష్టం. వీటన్నింటి మీదా మన చేతి ముద్రలున్నాయి. ఫ్లాటు ధరలో మాత్రం మన పేరు ఎక్కడా లేదు.

పక్కనే బంజారాహిల్స్ ఉంది. ఒకప్పుడు ఆ గుట్టలు ఎవరివో పేరే చెబుతోంది. పేరు మిగిలింది, జాగా మిగల్లేదు. అదే బంజారాహిల్స్ రోడ్ నంబర్ 10లో 2022 సెప్టెంబర్ 17న కుమ్రం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ ప్రారంభించారు. సంతోషమే. కానీ భవనం ఇవ్వడం వేరు, భవనాలు కట్టే ఇసుక మీద నిర్ణయం ఇవ్వడం వేరు. మొదటిది చూపించి రెండోది మర్చిపొమ్మంటే కుదరదు.

ఇప్పుడు అసలు పాయింట్. 1957 గనుల చట్టంలో "చిన్న ఖనిజాలు" అంటే ఏంటో రాసి ఉంది: భవనాలకు వాడే రాయి, కంకర, సాధారణ బంకమన్ను, సాధారణ ఇసుక. అంటే శ్రీనగర్ కాలనీలో రోడ్డు మీద పోసి ఉన్న కుప్పలే. 1996 డిసెంబర్‌లో వచ్చిన పెసా చట్టం ఏమంటోంది? షెడ్యూల్డ్ ఏరియాలో చిన్న ఖనిజాలకు లీజు ఇవ్వాలంటే ముందుగా గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి. సున్నపురాయి, బాక్సైట్ పెద్ద ఖనిజాలు కాబట్టి ఈ సెక్షన్ కిందకి రావు. వాటికి 1/70 ఉంది, అటవీ హక్కుల చట్టం ఉంది, 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఉంది. అనంతగిరి మండలం బొర్రా ఊర్ల గనుల మీద నడిచిన కేసు అది. షెడ్యూల్డ్ ఏరియా భూమిని ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని తేల్చింది. నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతంలో నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు శాశ్వత నిధిగా పెట్టాలని కూడా చెప్పింది.

అంటే అన్నింటికన్నా మామూలు సరుకు, ఏ సైటు ముందైనా పడి ఉండే సరుకు మీదే మన ఊరికి చట్టంలో నేరుగా మాట ఉంది. ఆ మాటే మనం చూస్తుండగా చేజారిపోతోంది.

ఎట్ల పోతోందో మనకు తెలియనిది కాదు. కాగితం మీద గిరిజన సొసైటీ ఉంటుంది. ప్రెసిడెంట్ మనోడే, సభ్యులు మనోళ్లే. కానీ చాలా చోట్ల జేసీబీ మనది కాదు, లారీ మనది కాదు, పెట్టుబడి మనది కాదు. రైజింగ్ కాంట్రాక్టర్ అనే పేరుతో వచ్చినోడు ర్యాంపు నడుపుతాడు. సొసైటీకి క్యూబిక్ మీటరుకు ఇంత అని వస్తుంది, అది సభ్యుడి దాకా వచ్చేసరికి ఎంత మిగిలిందో అడిగే నాథుడు ఉండడు. తీర్మానం పుస్తకంలో ఖాళీ పేజీ మీద ముందే సంతకాలు, వేలిముద్రలు పడిపోతాయి. పైన ఏం రాశారో తర్వాత తెలుస్తుంది. ఆ పుస్తకం ఇంటింటికీ తిప్పేది కూడా చదువుకున్న మన కుర్రాళ్లే. రోజుకు ఐదొందలో, ఒక సెల్‌ఫోనో చేతిలో పెడితే తాత వేలు పట్టుకుని ముద్ర వేయిస్తున్నారు. కాంట్రాక్టర్‌ను తిట్టే ముందు ఈ తమ్ముళ్లను ఆపాలి.

ఇంకో అన్యాయం వినండి. నది నుంచి లారీలు లైన్లు కట్టి పోతుంటే ఎవరూ ఆపరు. అదే మన ఊర్లో ఒకాయన మంజూరైన ఇల్లు కట్టుకోవడానికి వాగులో ట్రాక్టర్ ఇసుక నింపితే కేసంటారు. దర్వాజకు ఒక దుంగ తెచ్చుకుంటే అడవి నేరం అంటారు. వెదురు, మట్టి, గడ్డితో కట్టుకున్న ఇంటికి సర్వే కాగితంలో "కచ్చా" అని రాసి పోతారు. మన ఇల్లు కచ్చా కావడానికి కారణం మనకు కట్టడం రాకపోవడమా? పక్కా సరుకు మన ఊరి మీదుగా పోయి ఇంకోచోట దిగడమా?

కొందరు మిత్రులు అంటారు, "మీరు ఉండే హాస్టల్ కూడా సిమెంటుదే కదా, అభివృద్ధికి అడ్డం పడతారేంటి" అని. కట్టొద్దని మేం ఎప్పుడన్నాం? మెట్రో ఎక్కుతున్నాం, లిఫ్టు ఎక్కుతున్నాం. మా ఊర్లో బడి కూడా గట్టి స్లాబుతోనే కావాలి. కానీ అన్నం తినేవాడివి కాబట్టి నీ పొలంలో వడ్లు ఊరికే ఇచ్చెయ్ అని ఏ రైతునైనా అంటారా? ఇసుక దగ్గరికి వచ్చేసరికి మాత్రం ధర అడిగితే అభివృద్ధి నిరోధకులం అయిపోతాం.

ఇంకొందరు, "ఇసుక వరదకు మళ్లీ వస్తుంది, పోయేదేముంది" అంటారు. వస్తుంది, తీసినంత వేగంగా రాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2022 నివేదిక ప్రకారం ప్రపంచం ఏటా వాడుతున్న ఇసుక, కంకర 5,000 కోట్ల టన్నులు. ఎడారి ఇసుక గాలికి అరిగి నున్నగా ఉంటుంది, కాంక్రీటుకు పనికిరాదు. అందుకే నదుల మీద పడ్డారు. మన వాగులో ఇసుక అంటే నీళ్ల బ్యాంకు. ఎండాకాలంలో చెలిమె తీసి కడవ నింపుకునే అమ్మలకు ఈ సంగతి ఏ నివేదికా చెప్పక్కర్లేదు. లోతుగా తవ్వితే నది మట్టం దిగుతుంది, ఒడ్డు కోసుకుపోతుంది, పక్కన ఉన్న బోర్లు, బావులు దిగుతాయి. ఫ్లాటు కొన్నాయన ఇంటికి ట్యాంకర్ వస్తుంది. మన గూడేనికి రాదు.

గ్రామసభ వల్ల ఏమవుతుంది అని నిరాశపడే వాళ్లు నియమగిరిని గుర్తుచేసుకోండి. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. ఆ ఏడాదే డోంగ్రియా కోందుల కొండల్లో 12 గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండుకు పన్నెండూ వేదాంత బాక్సైట్ గని వద్దన్నాయి. గని ఆగింది. వాళ్లు అక్కడ వద్దన్నారు. మనం ఇసుక దగ్గర "ఇస్తాం, మా షరతుల మీద ఇస్తాం" అని కూడా అనొచ్చు. ఏదైనా మన నోటితో చెప్పాలి, ఖాళీ పేజీతో కాదు.

కాబట్టి ఈసారి ఊర్లో ఇసుక మీద గ్రామసభ అంటే ఈ ఐదు ప్రశ్నలు అడగకుండా ఎవరూ పెన్ను పట్టొద్దు:

1. ఎన్ని క్యూబిక్ మీటర్లు, ఎంత లోతు, ఏ తేదీ దాకా? కొలిచేది ఎవరు?
2. సొసైటీ సభ్యుల జాబితా, బ్యాంకు పాస్‌బుక్, ఆడిట్ కాగితం ఎక్కడ?
3. యంత్రాలు ఎవరివి? కాంట్రాక్టర్‌తో రాసుకున్న అగ్రిమెంట్ తెలుగులో చదివి వినిపిస్తారా?
4. లారీలు ఏ దారిన పోతాయి? రోడ్డు పోతే, మనిషి పోతే ఎవరు బాధ్యత?
5. ఊరి ఇళ్లకు ఇసుక ముందు ఇస్తారా? జిల్లా ఖనిజ నిధి నుంచి మన ఊరికి ఎంత వచ్చింది?

తీర్మానం కోయలో, గోండిలో, లంబాడీలో, ఊరి భాష ఏదైతే దాంట్లో గట్టిగా చదవాలి. రాసినంక సంతకం, సంతకం అయినంక ఆ పేజీ ఫోటో. ఫోటో గ్రూపులో పెట్టండి. లెక్కలు ఇవ్వమంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు వేద్దాం. సివిల్ చదివినోళ్లు కొలతలు చూడండి, లా చదివినోళ్లు అగ్రిమెంట్ చూడండి, కామర్స్ వాళ్లు పాస్‌బుక్ చూడండి. మనం ఇంత దూరం వచ్చి చదివేది దీనికి కూడా పనికిరాకపోతే ఇంకెందుకు?

ప్రభుత్వానికి మనం చెప్పేది ఒక్కటే. సొసైటీకి కాగితం ఇచ్చి కాంట్రాక్టర్‌కు నది ఇవ్వొద్దు. యంత్రాలకు అప్పు సొసైటీకే ఇవ్వండి, శిక్షణ మన యువతకే ఇవ్వండి, లెక్క గ్రామసభ ముందు పెట్టండి.

మీ ఊర్లో ర్యాంపు ఉందా? సొసైటీ ఎవరి చేతిలో ఉంది? కామెంట్‌లో మండలం పేరుతో రాయండి. ఊర్లో ఉన్న తమ్ముళ్లకు ఈ పోస్టు పంపండి, ముఖ్యంగా తీర్మానం పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగే తమ్ముడికి.