వేటకు టికెట్టు వద్దు
ఆమదాలవలస నుంచి మా ప్రణాళిక

రైల్లో వచ్చినవాళ్లకు మా ఊరి పేరు కనపడదు. బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, దిగితే ఉండేది ఆమదాలవలస. ఆ స్టేషను బయట టీ బడ్డీ దగ్గర ఆదివారం పొద్దుట చేరే పద్నాలుగు మందిమి కలిసి రాసుకున్న కాగితం ఇది. మాలో చెరకు వేసి మానేసిన రైతులున్నారు, బడిపంతుళ్లున్నారు. రిటైరైన గ్యాంగ్‌మన్ ఒకాయన, ఇంటింటికీ పాలు పోసే అప్ప ఒకామె, విదేశాల్లో పనిచేసి వచ్చిన వెల్డర్లు ఇద్దరు. మా గుంపుకు పేరు లేదు, రిజిస్ట్రేషనూ లేదు.

మన పొలాల్లోకి దిగే ఏనుగుల మాట వచ్చినప్పుడల్లా ఈమధ్య ఒకటే సలహా వినపడుతోంది. "ఆఫ్రికాలో చూడు బావా, ఒక్క ఏనుగును కొట్టడానికి దొరలు లక్షలు పోసి వస్తారు. మనమూ టికెట్టు పెడితే బెడద తీరుతుంది, డబ్బులూ వస్తాయి." లెక్క బాగానే ఉంది. అందుకే నవ్వి వదిలెయ్యకుండా మూడు నెలలు దీనిమీదే మాట్లాడుకున్నాం. తేలింది ఇది: డబ్బు పుచ్చుకుని జంతువును కాల్పించే వ్యాపారం మన కొండల్లో, మన పొలాల్లో వద్దు. అలాగని రైతు పంట, మనిషి ప్రాణం పోతుంటే జంతుప్రేమ గురించి ఉపన్యాసం ఇవ్వడమూ వద్దు. ఈ రెండూ కలిపి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే కాగితం పెట్టాం.

ముందు ఆఫ్రికా సంగతి. మా వెల్డరు తమ్ముడు నమీబియాలో రెండేళ్లున్నాడు. ఒకసారి వేట ఫారం ఒకదానికి గేటు అతకడానికి వెళ్లాడట. గోడకు రేట్ల పట్టిక. రోజుకింత అని ఒక లెక్క, కొట్టిన జంతువుకింత అని ఇంకో లెక్క. మెలికల కొమ్ముల కుడూ జింకకో ధర, జీబ్రాకో ధర. వెనక పాకలో ఇద్దరు కుర్రాళ్లు పచ్చి తోలు పరిచి పిడికిళ్లతో ఉప్పు రుద్దుతున్నారు. పక్కన ఇనప పీపాలో పుర్రె ఉడుకుతోంది, మాంసం ఊడిపోవడానికి. "వాసన మన పెళ్లి వంటల వెనక వాసనలాగే ఉంది, తేడా తెలియలేదు" అన్నాడు. తోలూ కొమ్ములూ ఎగుమతి కాగితాలతో విమానమెక్కి దొర ఇంటికి పోతాయి. మాంసం ఆ కుర్రాళ్ల వాళ్లకు.

ఆ మాంసం మాట తేలిగ్గా తీసెయ్యకూడదు. ఆఫ్రికా దక్షిణ భాగపు దేశాల్లో దొర ఒక్కడే అడవిలోకి పోలేడు. లైసెన్సున్న ప్రొఫెషనల్ హంటర్ పక్కన ఉండాలి, అడుగుజాడలు పట్టే స్థానికులు ముందు నడవాలి, ఏడాదికి ఏ జంతువు ఎన్ని అన్న కోటా ఉంటుంది. జింబాబ్వేలో 1989 నుంచి క్యాంప్‌ఫైర్ అనే పథకం కింద వేట రాబడిలో ఊళ్లకు వాటా పెట్టారు. నమీబియా 1996లో చట్టం మార్చి, గ్రామ సంఘాలకే తమ నేలమీది జంతువుల హక్కు ఇచ్చింది. బోట్స్వానా 2014లో వేట ఆపి, 2019లో మళ్లీ తెరిచింది. అక్కడ లక్షా ముప్పై వేల దాకా ఏనుగులున్నాయి. వేట ట్రోఫీల దిగుమతి మీద జర్మనీ ఆంక్షల మాట ఎత్తితే, 2024లో అప్పటి బోట్స్వానా అధ్యక్షుడు మాసిసి మండిపడి, ఇరవై వేల ఏనుగుల్ని మీకే పంపిస్తాను, వాటితో కలిసి బతికి చూడండి అన్నాడు. ఏనుగుల బెడద ఉన్న మన కురుపాం, కొమరాడ వైపు రైతులకు ఆ కోపం అనువాదం లేకుండానే అర్థమవుతుంది.

రెండో ముఖమూ చూశాం. 2015 జులైలో జింబాబ్వేలో హ్వాంగే పార్కు హద్దు దాటించి సెసిల్ అనే సింహాన్ని చంపారు. మెడకు పరిశోధకులు కట్టిన పట్టీ ఉన్న సింహం. అమెరికా నుంచి వచ్చిన పళ్ల డాక్టరు ముందు బాణం వేశాడు, అది గాయంతో గంటలకొద్దీ బతికే ఉంది. దక్షిణాఫ్రికాలోనైతే కంచెల మధ్య పెంచిన సింహాన్ని తెచ్చి వదిలి కాల్పించే వ్యాపారమే నడిచింది. దాన్ని వేట అనడానికి మా గ్యాంగ్‌మన్ బాబాయి ఒప్పుకోలేదు. "కోళ్ల ఫారంలో కోడిని కొట్టి శౌర్యమంటే ఎలా?" అన్నాడు.

ఆఫ్రికా ఊళ్లు ఏం చెయ్యాలో చెప్పడానికి మేమెవరం? అక్కడ నేల వాళ్లది, లెక్క వాళ్లది. అక్కడి పద్ధతిని ఇక్కడికి ఎత్తుకొచ్చి నాటుతామనే వాళ్లతోనే మా పేచీ. ఎందుకంటే వేటకు దొరలు రావడం మనకు కొత్త కాదు. ఆ కథ ఒకసారి నడిచింది.

1880లో విశాఖపట్నంలో గవర్నరు ఏజెంటుగా ఉన్న ఇర్విన్ దొర వేటలో ఉండగా ఒక చీతా మీదపడి చంపింది. ఆ చీతా విజయనగరం రాజావారు పెంచుకున్నది. (చిరుతపులి కాదు, చీతా, మన పత్రికలు ఇప్పటికీ రెంటినీ కలిపేస్తుంటాయి.) వేటకుక్కల్లా చీతాలను పెంచి జింకల మీదికి వదలడం రాజులకు సరదా. 1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా రాజు మూడింటిని కాల్చాడు, మన దేశపు చివరి చీతాలని చెప్పేవి అవే. 1952లో జాతి అంతరించిందని ప్రభుత్వమే ప్రకటించింది. డెబ్బై ఏళ్ల తర్వాత 2022 సెప్టెంబరు 17న, ఎనిమిది చీతాల్ని ఎక్కడినుంచి తెచ్చుకున్నాం? నమీబియా నుంచే. వేటకు టికెట్టు అమ్మే దేశం నుంచి, టికెట్టు లేకుండా అంతా కాల్చేసుకున్న దేశానికి. టికెట్టు వాదులు ఈ మాట మామీదికే తిప్పుతారు, తెలుసు. తిప్పనివ్వండి. అక్కడ మిగిలాయంటే ఊరికి హక్కుండబట్టి. ఇక్కడ ఊరికి ఏ హక్కుండేది?

విజయనగరం కుటుంబంలోనే పుట్టిన విజ్జీ, 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టు కెప్టెన్, మూడొందల పైచిలుకు పులుల్ని కొట్టానని చెప్పుకునేవాడు. ఆయన రేడియో కామెంటరీ విని విసుగుతో చచ్చాయేమోనని క్రికెట్ వాళ్ల పాత జోకు. జోకు మనకెందుకు గాని, ఆ మూడొందల్లో ఊరికి ఎంత వచ్చిందని అడుగుతున్నాం. మాలో ఒకరి తాత ఒక జమీందారు షికారుకు హాకా తోలేవాడు. తెల్లవారుజామున నలభై మందిని వరసగా నిలబెట్టి, డప్పులూ రేకుడబ్బాలూ ఇచ్చి, పొదల్లోకి తోలేవారట. పులి తిరగబడితే ముందు దొరికేది డప్పు పట్టినవాడే. మంచె మీద కూర్చున్నాయన ఫొటోలో ఉన్నాడు. తాత ఆ ఫొటోలో లేడు. కూలి అడిగితే, పొద్దున తాగిన గంజి ఎవరిదిరా అన్నారట.

స్వతంత్రం వచ్చాక కూడా చాలాకాలం అడవిశాఖలు షికార్ బ్లాకులు కేటాయించాయి, మధ్యభారతంలో కంపెనీలు పెట్టి అమెరికా వాళ్లకు పులివేట అమ్మారు. అంటే ఈ టికెట్టు మనం ఒకసారి అమ్మి చూసినదే. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, ఆ ఏడు పులుల్ని లెక్కపెడితే 1,827 తేలాయి. వేట బంద్ అయ్యాక, 2022 లెక్కకు సుమారు 3,682. ఈ పెరుగుదల ఊరికే రాలేదు. అడవుల్లోంచి లేపేసిన ఊళ్లు దానికి వెల కట్టాయి. ఆ సంగతి దాచిపెట్టి అంకె ఒక్కటే చెప్పడం మాకిష్టం లేదు.

ఇక మన గోడు. 2007లో, మళ్లీ 2018లో ఒడిశా లఖేరి అడవుల నుంచి ఏనుగులు దిగాయి. వరి, చెరకు, అరటి తొక్కాయి, మనుషుల్ని చంపాయి. 2023 మే నెలలో భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒకేచోట కూలిపోయాయి. 2022 జూన్‌లో ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి వైపు, జీడితోటల్లో ఎలుగుబంటి ఒకరిని చంపి, మరికొందరిని చీరేసింది. మత్తిచ్చి పట్టారు, అదీ బతకలేదు. ఇందులో ఎవరు గెలిచారో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

మా ఇలాకాలో బెడద అడవి పందిది. దానికి పెట్టే నాటుబాంబు ఎలా ఉంటుందో చూడనివాళ్లకు చెబుతున్నాం: నిమ్మకాయంత ఉండ, పైన పిండి పూత, తీపి వాసన. పందికి పెట్టింది పోయిన కార్తీకంలో మా పాల అప్ప ఆవు కొరికింది. కింది దవడ వేలాడుతూ సాయంత్రం ఇంటికి నడిచొచ్చింది ఆవు. గెడ్డ దాటి, దారి తప్పకుండా, పాలు పితికే వేళకే వచ్చింది. నాలుగు రోజులు కుండలో గంజి గొంతులోకి పోశారు. అయిదో రోజు పోయింది. పెట్టిందెవరో ఊరందరికీ తెలుసు. అతని మొక్కజొన్న అంతకుముందు వారమే మూడొంతులు పోయిందనీ తెలుసు. అప్ప కేసు పెట్టలేదు. ఈ కాగితం మీద మొదటి సంతకం ఆమెదే.

అందుకని మేం ఒప్పుకున్న కట్టుబాట్లు ఇవీ.

సరదాకు, ఫొటోకు, గోడకు తగిలించడానికి చంపడాన్ని మేం వేట అనం. దానికి ప్రభుత్వం లైసెన్సు ఇస్తానన్నా, ఊరికి వాటా పెడతానన్నా ఎదిరిస్తాం. మనిషి ప్రాణానికి ముప్పుగా మారిన జంతువును పట్టడానికో, తప్పనప్పుడు చంపడానికో అనుమతించే దారి 1972 చట్టంలోనే ఉంది. ఆ నిర్ణయం అధికారి సంతకంతో, జీతం తీసుకునే ఉద్యోగి చేత్తో జరగాలి. డబ్బిచ్చి వచ్చిన అతిథి చేత్తో కాదు.

మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండగకు మగవాళ్లు వేటకు పోతారు, ఒట్టి చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేస్తారు. ఆ పండగనూ దొరవారి ట్రోఫీనీ ఒకే గాటన కట్టం. దాని మంచిచెడ్డలు అడవిలో పుట్టినవాళ్లు మాట్లాడుకుంటారు. పట్నంలో అడవి మాంసం రహస్యంగా కొనుక్కునే వాళ్లకు వాళ్లమీద నోరెత్తే హక్కు లేదు. కొనేది మనమే కాబట్టి ఇక్కడే మానాలి: కుందేలు, దుప్పి, అడవి పంది, గువ్వ, ఏదైనా సరే, ఎంత దగ్గరి చుట్టం వండినా మా ఆకులో వేయించుకోం. ఈ ఒక్క మాట దగ్గర మాలో ఇద్దరు వెళ్లిపోయారు. పద్నాలుగు మందిమి మిగిలింది అందుకే.

పంట పోయిన రైతుకు పరిహారం ఆ పంటకాలం లోపే అందాలి. ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరిగినవాడే బాంబు పెడతాడు. నష్టం రాయడానికి వచ్చే మనిషి, ఏనుగు కదలిక ఫోనులో చెప్పే మనిషి, రాత్రి కాపలా మనిషి, అందరూ ఆ ఊరివాళ్లే కావాలి, నెల జీతం మీద. ఆఫ్రికా నుంచి తెచ్చుకోదగ్గది ఉంటే ఇదే: ఊరికి హక్కు, ఊరి చేతికి డబ్బు. తుపాకీ అక్కడే ఉంచేద్దాం.

డబ్బు కావాలంటే తేలినీలాపురం చూడండి. టెక్కలి దగ్గర ఆ ఊళ్లో చింతచెట్ల మీద గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఇళ్ల మధ్యనే గూళ్లు కడతాయి. రెట్ట కంపు భరిస్తారు, రాయి విసరనివ్వరు, పక్షులు రాకపోతే ఊరికి అరిష్టం అనుకుంటారు. చూడ్డానికి జనం వస్తారు. వచ్చిన జనం వల్ల ఆ ఊరికి దక్కేది తక్కువ, అది సరిచేసే పని ముందు పెట్టుకోవచ్చు కదా, వేట సఫారీల కలలు కనేముందు.

ఏనుగు వచ్చిందంటే సెల్ఫీకి పరుగెత్తం, పరుగెత్తే మన పిల్లల్ని చెవి పట్టి లాక్కొస్తాం. కంచెకు కరెంటు పెట్టిన చేను ఎవరిదైనా, చివరికి మా బావమరిదిదైనా, అదే రాత్రి లైన్‌మన్‌కు చెబుతాం. ఆ తీగకు పందికంటే ముందు నీళ్లు కట్టడానికి వెళ్లిన మనిషే చచ్చిన రోజులున్నాయి.

ప్రతి నెల రెండో ఆదివారం టీ బడ్డీ పక్కన ఒక గోనెసంచి పెడుతున్నాం. ఇప్పటికి పాత క్లచ్ వైర్లతో చేసిన ఉచ్చులు పదకొండు, చిరిగిన పిట్టల వల ఒకటి వచ్చాయి. మీ అటకమీద ఉన్నా, మీ నాన్న దాచినదైనా, తెచ్చి అందులో పడెయ్యండి. ఎవరిదని అడగం. బాంబు ఉంటే మాత్రం ముట్టుకోవద్దు, ఎక్కడుందో చెప్పండి చాలు.