కరిపూర్: కొండపై వెలసిన విమానాశ్రయం

కేరళ రాష్ట్రంలోని మలప్పురం జిల్లాలో, కోళిక్కోడ్ నగరానికి దాదాపు 28 కిలోమీటర్ల దూరాన కరిపూర్ ఉన్నది. అక్కడి విమానాశ్రయం కోళిక్కోడ్ పేరుతోనే ప్రసిద్ధి చెందినా, మలబారు ప్రజలు దానిని కరిపూర్ అనే పిలుస్తారు. గల్ఫ్ దేశాలకు బిడ్డలను పంపిన కుటుంబాలకు, హజ్ యాత్రకు పెద్దలను సాగనంపిన కుటుంబాలకు దాని చరిత్ర తెలుసుకోదగినదని భావించి, ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము.

ఒకప్పుడు మలబారు నుండి గల్ఫ్‌కు వెళ్లదలచినవారు బొంబాయి చేరి, అక్కడ విమానం కోసం ఎదురుచూడవలసి వచ్చేది. 1988 ఏప్రిల్ 13న కరిపూర్ విమానాశ్రయం ప్రారంభమయింది. 1992లో షార్జాకు విమానం నడవసాగింది. 2006లో అంతర్జాతీయ విమానాశ్రయ హోదా లభించింది. ఈ విమానాశ్రయానికి ప్రాణం పోసింది వలస కార్మికుల చెమటేనని చెప్పడం అతిశయోక్తి కాదు. యాత్రికుల బస కొరకు సమీపంలో హజ్ హౌస్ కూడా వెలసింది.

అయితే ఈ సౌకర్యం వెనుక ఒక కఠినమైన భౌగోళిక సత్యం ఉన్నది. కొండ నెత్తిని చదును చేసి ఇక్కడి రన్‌వేను నిర్మించారు. దాని అంచులు దాటితే లోయలే. బల్లపై పరచినట్లుండే ఇటువంటి రన్‌వేను టేబుల్‌టాప్ రన్‌వే అంటారు. మైదాన ప్రాంతంలో విమానం కొంత ముందుకు దూసుకుపోయినా నేల దొరుకుతుంది. ఇక్కడ ఆ అవకాశం స్వల్పం. అందుచేతనే రన్‌వే చివర భద్రతా ప్రాంతం అత్యవసరం. 2,860 మీటర్ల రన్‌వేలో కొంత భాగాన్ని దీనికే కేటాయించగా, వాడుకకు 2,700 మీటర్లు మిగిలింది. ఇటువంటి రన్‌వే కలిగిన మంగళూరులోనే 2010 మే 22న దుబాయి నుండి వచ్చిన విమానం లోయలో పడి 158 మంది మరణించారు.

2020 ఆగస్టు 7వ తేదీ రాత్రి కరిపూర్‌కూ ఆ గడియ వచ్చింది. కొవిడ్ కాలంలో దుబాయిలో చిక్కుకున్నవారిని తీసుకువస్తున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో 190 మంది ఉన్నారు. జోరువాన. మొదటి ప్రయత్నం ఫలించలేదు. రెండవసారి, వెనుకగాలి వీస్తుండగా, విమానం రన్‌వేలో దాదాపు సగం దూరం దాటిన పిదప నేలను తాకింది. ఆగలేక అంచు దాటి లోయలో పడి ముక్కలయింది. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది ప్రాణాలు కోల్పోయారు. నిర్ణీత పద్ధతులను పైలట్ పాటించకపోవడమే ప్రమాదానికి కారణం కావచ్చునని దర్యాప్తు నివేదిక పేర్కొన్నది.

ఆ రాత్రి అక్కడికి ముందుగా పరుగెత్తినవారు చుట్టుపక్కల ప్రజలే. అది కొవిడ్ ఆంక్షలున్న ప్రాంతం. క్షతగాత్రులను తాకితే వ్యాధి సోకునేమోనన్న భయం ఉండనే ఉన్నది. అయినను వారు వెనుకాడలేదు. దొరికిన వాహనాలలో గాయపడినవారిని ఆసుపత్రులకు చేర్చారు. రక్తదానానికి అర్ధరాత్రి బారులు తీరారు. ఆపై తామే క్వారంటైన్‌లోకి వెళ్లారు. ఆ మేలును మరువని బాధిత కుటుంబాలు, స్థానిక ఆరోగ్య కేంద్రానికి భవనం నిర్మించి ఇవ్వాలని 2022లో నిర్ణయించుకున్నాయి.

రన్‌వే పొడవు యాత్రికుని జేబుపై కూడా ప్రభావం చూపుతుంది. 2015లో రన్‌వే పనుల నిమిత్తం పెద్ద విమానాలను నిలిపివేయగా హజ్ ప్రయాణాలు కొచ్చికి తరలిపోయాయి. 2018 డిసెంబరులో పెద్ద విమానాలు, 2019లో హజ్ ప్రయాణాలు తిరిగి వచ్చాయి. ప్రమాదానంతరం పెద్ద విమానాలకు మరల అనుమతి నిరాకరించారు. 2023లో హజ్ ప్రయాణాలు చిన్న విమానాలతో పునఃప్రారంభమయ్యాయి. 2024లో కొచ్చి, కన్నూరులతో పోల్చితే కరిపూర్ ఛార్జీ చాలా అధికంగా ఉండడంతో యాత్రికులు ఆవేదన చెందారు. జీవితకాలమంతా కూడబెట్టిన సొమ్ముతో బయలుదేరే వృద్ధులకు అది చిన్న భారం కాదు.

భద్రతా ప్రాంతాన్ని విస్తరించేందుకు భూమిని సేకరించారు. ఆ భూమి కూడా ఎవరో ఒకరి ఇల్లే, తోటే. ప్రయాణికుల క్షేమం కోసం స్వస్థలాన్ని వదులుకున్నవారికి న్యాయమైన పరిహారం సకాలంలో అందించడం పాలకుల బాధ్యత. పెద్ద విమానాలు కావాలన్న కోరిక సమంజసమే. కాని భద్రతను తగ్గించి సాధించే సౌకర్యం మేలు చేయదని మా అభిప్రాయం.

2023లో విజయవాడ సమీపంలోని గన్నవరం విమానాశ్రయంలోనూ హజ్ ప్రయాణాలు మొదలయ్యాయి. ఇంటికి చేరువలోనే విమానమెక్కే భాగ్యం మన పెద్దలకూ దక్కింది. వాతావరణం బాగాలేదని విమానం ఆలస్యమైనా, మరో నగరానికి మళ్లినా మనం సిబ్బందిపై విసుక్కోరాదు. మనవారు క్షేమంగా ఇల్లు చేరడానికే ఆ జాప్యమని ఇంట్లో పిల్లలకు సైతం తెలియజెప్పాలి.