నర్సమ్మ పేరేంటి?

మీ ఊరి డాక్టరు పేరు చెప్పమంటే టక్కున చెప్పేస్తారు. బోర్డు మీద ఉంటుంది, మందుల చీటీ మీద ఉంటుంది. మరి మీ పిల్లలకి టీకాలేసే నర్సమ్మ పేరేంటి? మా నర్సింహులపేట మండలంలో ఏ ఊళ్ళోనైనా, ఏ తండాలోనైనా అడిగి చూడండి. చాలామంది కాసేపు ఆలోచించి "నర్సమ్మే గదా" అంటారు. ఊళ్ళో నర్సమ్మ, ఆసుపత్రిలో సిస్టర్. ప్రేమగానే పిలుస్తాం, కాదనను. కానీ ముప్ఫై ఏళ్ళు ఒక మనిషిని ఉద్యోగం పేరుతోనే పిలిచి, ఆవిడ పోయిన రోజు కూడా "నర్సమ్మ పోయిందట" అని ఊరుకుంటాం.

అమెరికాలో నర్సులు చేసే ఒక పని గురించి చదివినప్పటి నుంచీ ఈ పేరు సంగతి నా బుర్రలో తిరుగుతోంది.

అక్కడ చాలా రాష్ట్రాల్లో నర్స్ ఆనర్ గార్డ్ అని వాలంటీర్ల బృందాలున్నాయి. ఎవరైనా నర్సు చనిపోతే, కుటుంబం కోరితే, వీళ్ళు అంత్యక్రియలకి వస్తారు. పైసా తీసుకోరు. కొందరు రిటైరైన నర్సులు, కొందరు డ్యూటీల మధ్య తీరిక చేసుకుని వచ్చేవాళ్ళు. పాతకాలం తెల్ల యూనిఫారం, తల మీద టోపీ, భుజాల మీద ముదురు నీలం రంగు కేప్ వేసుకుంటారు. శవపేటిక దగ్గర ఒక దీపం వెలిగిస్తారు, తెల్ల గులాబీ ఒకటి పెడతారు. తర్వాత చనిపోయిన నర్సు పేరు పెట్టి పిలుస్తారు. జవాబు రాదు. మళ్ళీ పిలుస్తారు. మూడోసారి కూడా పిలుస్తారు. అప్పుడు "నీ పని పూర్తయింది, ఇక నిన్ను విధుల నుంచి విడుదల చేస్తున్నాం" అనే అర్థం వచ్చే నాలుగు మాటలు చెప్పి దీపం ఆర్పేస్తారు. చాలాచోట్ల ఆ దీపాన్ని ఇంటివాళ్ళ చేతికిస్తారు. దీనికి దగ్గరి పద్ధతినే 2003లో కాన్సస్ రాష్ట్ర నర్సుల సంఘం 'నైటింగేల్ ట్రిబ్యూట్' పేరుతో తయారుచేసింది. మొత్తం తంతు కొద్ది నిమిషాలే.

ఇది చదవగానే నాకు మన దింపుడుకళ్ళం గుర్తొచ్చింది. పాడె శ్మశానానికి పోతుంటే దారి మధ్యలో దించుతాం. దగ్గరి బంధువు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఎక్కడన్నా మిగిలుంటే పిలుపు విని లేస్తారేమోనని. 'దింపుడుకళ్ళం ఆశ' అనే మాట అక్కడి నుంచి వచ్చిందే. వాళ్ళవీ మూడు పిలుపులే, మనవీ మూడు పిలుపులే. మనం తిరిగి రమ్మని పిలుస్తాం, వాళ్ళు ఇక వెళ్ళి రమ్మని పిలుస్తారు.

ఇంకో తేడా కూడా ఉంది, నాకు ముఖ్యమనిపించింది అదే. మన దగ్గర పిలిచేది ఇంటివాళ్ళు. వాళ్ళు అమ్మని పిలుస్తారు, అక్కని పిలుస్తారు, చిన్నమ్మని పిలుస్తారు. బుధవారం, శనివారం వ్యాక్సిన్ డబ్బా భుజాన వేసుకుని తండాలు తిరిగిన మనిషినీ, అర్ధరాత్రి కాన్పు దగ్గర నిలబడ్డ మనిషినీ పిలిచేవాళ్ళు అక్కడ ఎవరూ ఉండరు. ఆ సగం మనిషి ఎవరూ పిలవకుండానే వెళ్ళిపోతుంది.

మన నర్సింగ్ కాలేజీల్లో ల్యాంప్ లైటింగ్ అని ఒక వేడుక చేస్తారు కదా. అమ్మాయిలంతా తెల్ల బట్టల్లో వరసగా నిలబడి, చేతుల్లో దీపాలు పట్టుకుని ప్రమాణం చేస్తారు. పేపర్లో ఫొటో కూడా వస్తుంది. అంటే మొదలుపెట్టే సగం మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది, ముగించే సగమే లేదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం రెండేళ్ళు చేసిన కంపెనీ నుంచి కూడా రిలీవింగ్ లెటర్ లేకుండా బయటకి రాం, అది లేకపోతే నెలలు నెలలు హెచ్ఆర్ వెంట పడతాం. ప్రభుత్వోద్యోగి పక్క మండలానికి బదిలీ అయినా రిలీవింగ్ ఆర్డర్ ఉంటుంది. జీవితమంతా నర్సుగా బతికిన మనిషికి మాత్రం చివరికి 'నిన్ను రిలీవ్ చేశాం' అని చెప్పే నోరు ఒక్కటీ ఉండదు.

మన దేశంలో నర్సులు తోటి నర్సుకి ఇలాంటి మర్యాద ఎప్పుడూ చేయలేదా అంటే, చేశారు. ముంబై కేఈఎం ఆసుపత్రిలో. అరుణా శాన్‌బాగ్ అక్కడ నర్సు. 1973 నవంబర్ 27న అదే ఆసుపత్రిలో పనిచేసే ఒకడు ఆమె మీద దాడి చేశాడు. మెదడు దెబ్బతిని, ఆమె 41 ఏళ్ళకి పైగా అదే ఆసుపత్రిలో మంచం మీదే ఉండిపోయింది. అన్నేళ్ళూ ఆమెకి తినిపించిందీ, ఒళ్ళు తుడిచిందీ, పక్కకి తిప్పి పడుకోబెట్టిందీ అక్కడి నర్సులే. ఒక తరం రిటైరైతే ఇంకో తరం అందుకుంది. అరుణ మీద దాడి జరిగే నాటికి పుట్టని అమ్మాయిలు కూడా ఆమెని తమ మనిషి అనుకున్నారు. ఆమెని అక్కడి నుంచి తరలించాలని చూస్తే నిరసనకి దిగి ఆపారు. కారుణ్య మరణం కేసులో 2011 మార్చి 7న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ఆమె తరఫున నిర్ణయం తీసుకోవాల్సిన ఆత్మీయులు కేఈఎం సిబ్బందే అంది. 2015 మే 18న అరుణ చనిపోయినప్పుడు, అంత్యక్రియలు మేమే చేస్తామని నర్సులు పట్టుబట్టారు. ఆసుపత్రి డీన్, అరుణ బంధువు ఇద్దరూ కలిసి చితికి నిప్పు పెట్టారు. నర్సులు శ్మశానం దాకా వెళ్ళి సాగనంపారు.

అక్కడ టోపీలూ కేప్‌లూ ఎవరూ వేసుకోలేదు. అయినా ఏ ఆనర్ గార్డ్ కన్నా తక్కువ మర్యాదా అది?

ఇక మనం చేసే గౌరవాలు చూడండి. 2020 మార్చి 22న చప్పట్లు కొట్టాం, పళ్ళాలు మోగించాం. మే 3న హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి మీద హెలికాప్టర్ నుంచి పూలు చల్లారు. అదే గాంధీ ఆసుపత్రిలో అవుట్‌సోర్సింగ్ నర్సులు జీతాల కోసం, ఉద్యోగ భద్రత కోసం జూలైలో విధులు బహిష్కరించాల్సి వచ్చింది. సెప్టెంబర్‌లో పార్లమెంటులో, కోవిడ్‌తో చనిపోయిన ఆరోగ్య సిబ్బంది లెక్క కేంద్రం స్థాయిలో లేదని ప్రభుత్వం జవాబిచ్చింది. ఐఎంఏ వాళ్ళు ఊరుకోకుండా చనిపోయిన 382 మంది డాక్టర్ల జాబితా బయటపెట్టారు. నర్సుల విషయానికొస్తే, అంతర్జాతీయ నర్సుల మండలి 2020 అక్టోబర్ నాటికి 44 దేశాల్లో కలిపి 1,500 మంది పోయారని లెక్క తేల్చి, అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుందని కూడా అంది. లెక్కపెట్టాలన్నా ముందు పేరు రాసుకునేవాళ్ళు ఉండాలి కదా.

ఆ ఏడాదే ఏప్రిల్‌లో చెన్నైలో డాక్టర్ సైమన్ హెర్క్యులెస్ చనిపోతే, పూడ్చనివ్వకుండా జనం రాళ్ళేసి తరిమారు. చివరికి ఒక తోటి డాక్టరు, ఇద్దరు వార్డు బాయ్‌లు రాత్రికి రాత్రి పూడ్చిపెట్టి వచ్చారు. ఊరు వద్దన్న రోజున కూడా పక్కన నిలబడింది కలిసి పనిచేసినవాళ్ళే. నా పాయింటు ఇదే. పైనుంచి చల్లిన పూలు ఎవరి మీద పడ్డాయో చల్లినవాడికి తెలియదు. పక్కన డ్యూటీ చేసిన మనిషి పెట్టే పువ్వుకి ఎవరికోసమో తెలుసు.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు.

మొదటిది: "బతికున్నప్పుడు సరిగ్గా జీతం ఇవ్వండి ముందు, చచ్చాక దీపాలెందుకు?" నూటికి నూరుపాళ్ళు న్యాయమైన మాట. ప్రభుత్వమో ఆసుపత్రి యాజమాన్యమో జీతం బదులు ఈ తంతు చేస్తామంటే నేనే వద్దంటాను. కానీ ఇది వాళ్ళు చేసేది కాదు, నర్సులు నర్సులకి చేసుకునేది. అరుణ మీద దాడి జరిగాక ముంబైలో నర్సులు సమ్మె చేసింది ఆమె కోసమూ, తమ పని పరిస్థితుల కోసమూ కూడా. సాగనంపడం తెలిసినవాళ్ళకి నిలదీయడం కూడా తెలుసు.

రెండోది: "ఇది క్రైస్తవుల పద్ధతి, మనకెందుకు?" టోపీ వద్దు, గులాబీ వద్దు. బంతిపూలు చాలు. దీపమంటారా, మన ఇళ్ళల్లో శవం తల దగ్గర దీపం పెట్టడం ఉన్నదే. ఆర్పడం మాత్రం మనకి రుచించదు. దీపం ఆరిందని కూడా అనం, కొండెక్కిందంటాం. కాబట్టి ఆర్పకుండా, వచ్చిన నర్సుల్లో అందరికన్నా చిన్నమ్మాయి చేతికి ఇస్తే సరి. పోయినావిడ ముస్లిం అయితే దీపం కూడా అక్కర్లేదు, ఇంటివాళ్ళని అడిగి వాళ్ళకి నచ్చినట్టే చెయ్యొచ్చు. పేరు పెట్టి పిలవడానికి ఏ మతమూ అడ్డు రాదు.

మూడోది: "ఆడవాళ్ళు శ్మశానానికి పోరు కదా." కేఈఎం నర్సులు పోయారు. సరే, మన ఊళ్ళల్లో ఒప్పుకోరనుకుందాం. పాడె లేపకముందు వాకిట్లోనే చెయ్యొచ్చు. డప్పులు ఒక్క ఐదు నిమిషాలు ఆపితే చాలు.

నర్సింహులపేటలో అయితే ఎట్లుంటుందో ఊహించుకుంటున్నా. పీహెచ్‌సీ నుంచి ఇద్దరు సిస్టర్లు, చుట్టుపక్కల సబ్‌సెంటర్ల నుంచి ఒకరిద్దరు ఏఎన్ఎంలు, తొర్రూరులోనో మరిపెడలోనో ఉంటున్న రిటైర్డ్ నర్సు ఒకావిడ, ఊరి ఆశా కార్యకర్తలు. అందరూ రోజూ వేసుకునే యూనిఫారంలోనే. పెద్దావిడ నాలుగు ముక్కలు చదువుతుంది: పూర్తి పేరు, ఏ సంవత్సరంలో చేరింది, ఏ ఏ ఊళ్ళల్లో, ఏ ఏ తండాల్లో పనిచేసింది. పోయినావిడ రెగ్యులరా, కాంట్రాక్టా, అవుట్‌సోర్సింగా అన్న మాటే రాకూడదు. సర్కారు రికార్డుల్లో ఆ తేడా ఎంతైనా ఉండనీ, సూది గుచ్చించుకున్న పిల్లకి తెలియదు. తర్వాత మూడుసార్లు పేరు పిలిచి, 'నీ డ్యూటీ అయిపోయింది, మిగిలింది మేం చూసుకుంటాం' అంటే చాలు. దీనికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, నలుగురు మనుషులు, ఒక పూట సెలవు. ఆ సెలవు మాత్రం పైఅధికారులు ఇవ్వాలి, అంతకన్నా వాళ్ళని అడిగేదేమీ లేదు.

2020 ఏప్రిల్‌లో ఒడిశా ప్రభుత్వం, కోవిడ్ విధుల్లో చనిపోయిన ఆరోగ్య సిబ్బందికి అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరుపుతామని ప్రకటించింది. మంచిదే. కానీ అది కోవిడ్‌లో, డ్యూటీలో పోయినవాళ్ళకి. రిటైరై, పదేళ్ళ తర్వాత మామూలు జబ్బుతో ఇంట్లో పోయే నర్సమ్మకి తుపాకులు పేలవు. నిజానికి ఆమెకి తుపాకులతో పనేముంది? ఫ్లోరెన్స్ నైటింగేల్ 1910లో చనిపోతే, వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో సమాధి చేస్తామన్నా ఆమె కుటుంబం వద్దంది. ఊళ్ళో సమాధి రాయి మీద ఎఫ్.ఎన్. అని రెండక్షరాలూ తేదీలే ఉన్నాయి. ఆమెకి రెండక్షరాలు సరిపోయాయి, ఎందుకంటే ఆమె పేరు లోకమంతటికీ తెలుసు. మన నర్సమ్మ సంగతి వేరు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, గట్టిగా, వాకిట్లో అందరికీ వినపడేలా ఒక్కసారన్నా పలకాలి.

అది నర్సులు చేయాల్సిన పని. మనం చేయాల్సింది ఇంకా తేలిక. వచ్చే బుధవారం టీకాల దగ్గర, ఆవిడ బతికుండగానే, పేరు అడిగి తెలుసుకుందాం.