కారానికి రంగు లేదు

"మావాడు కాలేజీలో కెమిస్ట్రీ చదువుతున్నాడు. మిరపకాయల్లోంచి కారాన్ని విడదీసి సీసాకెత్తుతానని స్పిరిట్ తెచ్చి వంటింట్లో పెట్టాడు. స్టవ్ మీద కాయనివ్వవచ్చునా?" అని ఒక సోదరి అడిగారు.

వద్దేవద్దు. స్పిరిట్ ఆవిరి నేలబారున పాకిపోయి, మంట ఎక్కడున్నా అందుకుంటుంది. కాని పిల్లవాణ్ణి కసరకండి. వాడికి పుట్టిన ఆలోచన పెద్దవాళ్లకు పుట్టినదే.

ఆ కారాన్ని దాదాపు శుద్ధంగా విడదీసి, కాప్సైసిన్ అని పేరు పెట్టినవాడు థ్రెష్ అనే ఇంగ్లీషాయన, 1876లో. ఇది నీళ్లకు లొంగదు. నూనెకూ, స్పిరిట్‌కూ లొంగుతుంది. ఎండుమిరప పొడిని స్పిరిట్‌లో నానవేసి, వడగట్టి, ఆ స్పిరిట్‌ను పోగొడితే నల్లెర్రని జిడ్డుముద్ద మిగులుతుంది. అందులో కారంతోపాటు నూనే, రంగూ, మైనమూ అన్నీ వుంటాయి. అసలు పని ఇక్కడే. పలచని క్షారజలంలో కారం కరుగుతుంది, జిడ్డు చాలామటుకు వెనక వుండిపోతుంది. ఆ నీటిలోకి బొగ్గుపులుసు వాయువు పంపితే కారం మళ్లీ విడివడుతుంది. దాన్ని ఒకటికి రెండుసార్లు శుద్ధిచేస్తే వచ్చేవి తెల్లని స్ఫటికాలు. రంగు లేదు, వాసన లేదు! ఎరుపు చూసి కారం కొనే మనకు ఇది వింతే. కర్ణాటకపు బ్యాడగి మిరప ఎర్రగా నిగనిగలాడుతుంది, కారం మాత్రం తక్కువ. కారం పుట్టేది గింజలోనూ కాదు, గింజలు అంటుకుని వుండే తెల్లని ఈనెలో.

కిలో ఎండుమిరపకాయల్లో వుండే కారం కొద్ది గ్రాములే. అయినా ఆ పొడి గాలిలో లేస్తే గొంతు పట్టేస్తుంది. లాబొరేటరీలో కూడా చేతితొడుగులూ, కళ్లద్దాలూ లేకుండా ముట్టుకోరు. ఇంతా చేసి దానివల్ల ఒళ్లు నిజంగా కాలదు. వేడిని పసిగట్టే నరాన్నే ఇది తట్టి లేపుతుందని డేవిడ్ జూలియస్ బృందం 1997లో తేల్చింది. 2021లో ఆయనకు నోబెల్ బహుమానంలో భాగం వచ్చింది. సర్పి తగ్గాక కొందరిని వదలని నరాల నొప్పికి డాక్టర్లు వేసే ఒక పట్టీలో వున్నది ఈ కారమే. అలాగని ఇంట్లో మిరపకాయ నూరి పట్టు వేసేరు సుమా!

పచ్చిమిరపకాయలు తరిగి చేతులు మండితే నీళ్లకింద పెట్టి లాభం లేదు. వంటనూనె పులిమి, తరవాత సబ్బుతో రుద్ది కడగండి. అంతదాకా చంటిపిల్లను ఎత్తుకోవద్దు.

ఇక అబ్బాయికి ప్రయోగం కావాలంటారా? రెండు గిన్నెలు ఇవ్వండి. ఒకదానిలో నీళ్లు, ఒకదానిలో వంటనూనె పోసి, రెంటిలోనూ చెరో మిరపకాయ తుంచి వేసి, మర్నాడు చెరో చుక్క నాలిక మీద వేసుకోమనండి. పక్కనే గ్లాసెడు మజ్జిగ వుంచండి.